క్షయకు అన్నమే కవచము

క్షయ యనగా తరుగుట. మన పూర్వులు పెట్టిన యా పేరులోనే రోగస్వభావమంతయు నిమిడియున్నది. అది దేహమును తరుగజేయును. అంతియ గాదు, ముందుగనే తరిగిన దేహమును వెదకికొని వచ్చును. ఈ రెండవ సంగతిని మన దేశముననే జరిగిన యొక పరిశోధన సంఖ్యలతో నిరూపించినది.

జార్ఖండు రాష్ట్రమున నాలుగు జిల్లాలలో 2019 మొదలు 2022 వఱకు డాక్టరు అనురాగ భార్గవ, డాక్టరు మాధవీ భార్గవ ప్రభృతులు జరిపిన పరీక్షాఫలితములు 2023 ఆగస్టులో లాన్సెట్ అను వైద్యపత్రికయందు వెలువడినవి. 2,800 మంది రోగులును, వారి యిండ్లలోని 10,345 మంది కుటుంబీకులును ఇందు జేరిరి. రోగులందఱకును మందులతోబాటు ఆహార మీయబడెను. కుటుంబీకులలో మాత్ర మొక వర్గమున కాహారమిచ్చి, రెండవ వర్గమును మామూలు స్థితియందే యుంచి చూచిరి. ఇచ్చినది అమృతము గాదు. పెద్దలకు నెలకు తలకు 5 కిలోల బియ్యము, కిలోన్నర పప్పు, విటమిను మాత్రలు. ఇంతమాత్రముచేత ఆ యిండ్లలో క్రొత్తగా క్షయ పుట్టుట 39 శాతము తగ్గెను. ఇతరులకు అంటుకొను తీరు క్షయ 48 శాతము తగ్గెను.

ఇది మనము మఱచిన సత్యము. మందులు లేని కాలమున మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమువంటి శానటోరియములలో విశ్రాంతియు, మంచి గాలియు, పుష్టికరమగు నాహారమును చికిత్సగా నుండెను. తరువాత మందులు వచ్చెను. ఇంటనుండి మందు పుచ్చుకొన్న బీదరోగియు శానటోరియమున పోషింపబడిన రోగివలెనే కోలుకొనునని, మద్రాసున 1956లో ఆరంభమైన పరీక్ష 1959లో తేల్చెను. అది లోకోపకారమైన సత్యము. వైద్యమును బీదవాని గడపకడకు దెచ్చెను. కాని మందున్నచో అన్న మెందులకను భావమును దాని వెంటనే పాదుకొనెను. రోగి కోలుకొనుట యొక ప్రశ్న. రోగి ప్రక్కన పరుండు బిడ్డకు రోగము రాకుండుట వేఱొక ప్రశ్న. ఒక వ్యాజ్యమున వచ్చిన తీర్పును వినని వ్యాజ్యమునకు వర్తింపజేయుటకు న్యాయ మెఱిగినవా రెవ్వరు నొప్పుకొనరు.

ప్రభుత్వ మూరకున్నదనుట ధర్మము గాదు. 2018 నుండి రోగికి నెలకు 500 రూపాయలిచ్చి, 2024 నవంబరు నుండి 1,000 చేసినది. కుటుంబీకులకును ఆహారపు బుట్టలు చేరవలెనని 2024లోనే నిర్ణయించినది. కాని యా బుట్టలు దాతల యౌదార్యమునకు విడువబడినవి. 2013 నాటి ఆహారభద్రతా చట్టము బీదకుటుంబములకు తలకు 5 కిలోల ధాన్యమును హక్కు గావించినది, పప్పును జేర్చలేదు. బియ్యము హక్కు, పప్పు భిక్ష! దాత దొరకిన యింటికి రక్ష, దొరకని యింటికి దగ్గు. ఇది యేమి నీతి?

అన్నమున్నచో మందు వలదని యెవ్వరును భ్రమపడరాదు. మా కోరిక యొక్కటే. క్షయ యని తేలిన దినముననే ఆ యింటివారందఱికిని బియ్యముతోబాటు పప్పును చట్టరీత్యా చెందవలెను. అంతవఱకు పఠనమందిరములలో నీ పత్రిక చదువు సోదరులు తమ వీథిలో మందు మ్రింగుచున్న రోగికి ఆ వేయి రూపాయలు చేరుచున్నవో లేదో విచారింతురు గాక. ఆ యింటి పిల్లల కంచములలో నేమున్నదో చూతురు గాక. చూచినవారు ఊరకుండజాలరు.