వారానికి ఒక మాత్ర

కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్రను వారంలో ఒక్కరోజు మాత్రమే మింగాలి. దాని దుష్ఫలితాలు తగ్గడానికి వైద్యులు ఫోలిక్ ఆమ్లపు మాత్రను కూడా జోడిస్తారు. మన దుకాణాలలో మొదటిది దొరికే పేర్లలో ఒకటి ఫోలిట్రాక్స్. రెండవదాని పేర్లలో ఒకటి ఫోల్వైట్. ఒకే చీటీమీద ఒకదాని క్రింద ఒకటిగా నిలిచే ఈ రెంటిలో మొదటిదాన్ని పొరపాటున రోజూ మింగితే ఎముకల మజ్జలో రక్తకణాల ఉత్పత్తి కుంటుపడి, కొద్దిరోజులలోనే ప్రాణం మీదికి రావచ్చు. వైద్యునికి విద్య తక్కువై కాదు, దుకాణదారు మోసగాడై కాదు, రోగి తెలివితక్కువవాడై కాదు. ముగ్గురి మధ్య మాట జారిపోయింది, అంతే.

పెద్ద ఆసుపత్రులలోని పొరపాట్ల గురించి లోకం కొంత విన్నది. కాని ఆసుపత్రిలో చేరకుండా పొందే వైద్యంలో సైతం పదిమందిలో నలుగురి దాకా ఏదో ఒక హానికి లోనవుతున్నారనీ, అందులో చాలా భాగం నివారింపదగినదేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

పుదుచ్చేరిలోని కదిర్కామంలో 2010లో ఇందిరాగాంధీ ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమైంది. అటువంటి పెద్ద ఆసుపత్రినుండి చీటీ పుచ్చుకొని ఇల్లు చేరిన రోగిని ఆపైన కనిపెట్టి ఉండవలసినవాడు వీధి చివరి కుటుంబ వైద్యుడే. చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. రోగి తమిళుడు కావచ్చు, యానాం నుండి వచ్చిన తెలుగువాడు కావచ్చు. మందుల పేర్లను స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలలో వ్రాయాలని భారత వైద్య మండలి 2016లో ఆదేశించింది. మంచిదే. అయితే అక్షరం స్పష్టమైనంత మాత్రాన అర్థం స్పష్టం కాదని అనువాదమే వృత్తిగా గల నాబోటివానికి వేరే చెప్పనక్కరలేదు. “వారానికి నాలుగు మాత్రలు” అన్నామనుకోండి. వారంలో ఒకసారి నాలుగా? వారం పొడుగునా రోజుకు నాలుగా? “వారానికి మందులిచ్చారు” అని మనమే అంటాం గదా, ఏడు రోజులకు సరిపడా అనే అర్థంలో! ఇంగ్లీషు కూడా తక్కువ తినలేదు: సోమవారాన్ని సూచించే ‘మండే’ అనే మాటను ‘మార్నింగ్’గా చదువుకొని ప్రతి ఉదయమూ మింగినవారున్నారు.

దీనికి విరుగుడు ఆశ్చర్యపడేటంత చిన్నది. “అర్థమైందా?” అని అడిగితే ఎవరైనా తల ఊపుతారు. దానికి బదులు, “నేను సరిగా చెప్పానో లేదో చూసుకోవాలి, ఈ మాత్ర ఏ రోజున, ఎన్ని వేసుకుంటారో ఒకసారి చెప్పండి” అని అడగాలి. పరీక్ష రోగికి కాదు, వైద్యుని మాటకు. ఆంగ్లంలో ఈ పద్ధతిని ‘టీచ్ బ్యాక్’ అంటారు.

నలభైమంది బయట వేచి ఉండగా దీనికి తీరిక ఎక్కడిదని వైద్యులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు వైద్యశాస్త్రంలో కాక టెలిఫోన్ కర్మాగారంలో దొరికింది. బెల్ కంపెనీలో పనిచేసిన వాల్టర్ షూహార్ట్ ఆలోచనను ఆధారం చేసుకొని, యోచించు, ఆచరించు, పరిశీలించు, సవరించు అనే చక్రాన్ని ఎడ్వర్డ్స్ డెమింగ్ ప్రచారంలోకి తెచ్చాడు. అంటే అందరికీ ఒకేసారి ఆజ్ఞలు జారీచేయనక్కరలేదు. మొదటిరోజు ఒక్క రోగిని అడగండి. ఎంతసేపు పట్టిందో, ఎక్కడ తడబడ్డాడో చీటీ వెనుక గుర్తు వేసుకోండి. మరునాడు ప్రశ్నను కొంచెం మార్చి ఐదుగురిని అడగండి. జలుబు మందుకు ఈ శ్రమ వద్దు. వారపు మాత్రకూ, ఇన్సులిన్‌కూ, రక్తాన్ని పలుచబరిచే మందులకూ చాలు. వారపు మాత్ర అయితే రోజు పేరును, రోగికి వచ్చిన భాషలో, పొట్లం మీద పూర్తిగా వ్రాయించండి: “గురువారం మాత్రమే.”