పనిచోటు ముచ్చట్లు: కొలతల పుస్తకంలో లేని పేరు

గత సంచికలో కాంక్రీటు క్యూరింగ్ విషయమై ముచ్చటించుకొన్నాము. ఆ వ్యాసం చదివిన మన కాలనీ సోదరి ఒకరు క్యూరింగ్ సంగతి అటుంచి వేరొక ప్రశ్న పంపారు. ఆమె తమ్ముడు సెంట్రింగు పనులు చేయిస్తాడు. లైసెన్సు గల ఒక కాంట్రాక్టరు వద్ద పని కుదుర్చుకొని, పూర్తిచేసి పదకొండు నెలలయినది. చివరి బిల్లు సొమ్ము నేటికీ చేతికి రాలేదు. "పని చేయించుకొన్న పెద్ద సంస్థనే నేరుగా అడగవచ్చునా?" అన్నది ఆమె సందేహం. దాదాపు ముప్ఫయి ఏళ్ల క్రితం ఒక మేస్త్రీ నన్ను ఇదే అడిగాడు. ఆనాడు నేనిచ్చిన సమాధానం సగమే నిజమని చాలా ఆలస్యంగా తెలుసుకొన్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు పైపుల వరుసకు పునాదులు వేయించే పని అప్పగించారు. కాగితం మీద ఉన్నది ఒక కాంట్రాక్టరు పేరు. పని చేసినది మాత్రం శ్రీకాకుళం జిల్లా నుండి ముఠాతో వచ్చిన మేస్త్రీ. టేపు ఒక కొస ఆయన, మరొక కొస నేను పట్టుకొని ప్రతి పునాదినీ కొలిచాము. అంకెలు కొలతల పుస్తకంలో నేనే వ్రాశాను. సంతకం చేసినది కాంట్రాక్టరు ప్రతినిధి. మూడు నెలలకు కాంట్రాక్టరు బిల్లు చెల్లింపయినది. మరి కొన్నాళ్లకు మేస్త్రీ నా బల్ల ముందు నిలబడి, "బాబూ, మీరు కొలిచిన పనికే కదా నేను డబ్బులడుగుతున్నది" అన్నాడు. పుస్తకం తెరచి చూపి, "ఇందులో మీ పేరు లేదు, నేనేమీ చేయలేను" అన్నాను. ఆయన ఊళ్లోని చెక్క పొలం తాకట్టు పెట్టి ముఠావారికి కూలి చెల్లించి సాగనంపాడని తరువాత తెలిసినది.

ఈ చిక్కు ఎక్కడ పుడుతున్నదో చూద్దాము. ఒప్పందం మూలంగా కలిగే హక్కులు సాధారణంగా దానిలోని పక్షాలకే చెందుతాయి. సంస్థకు, కాంట్రాక్టరుకు మధ్య ఒక ఒప్పందం. కాంట్రాక్టరుకు, ఉప కాంట్రాక్టరుకు మధ్య మరొకటి. మొదటి దానిలో మేస్త్రీ లేడు. పైగా ప్రభుత్వ రంగ పనుల నిబంధనలు అనుమతి లేకుండా పనిని మరొకరికి అప్పగించరాదని సాధారణంగా నిషేధిస్తాయి. అందుచేత కాంట్రాక్టరు ఉప కాంట్రాక్టరును కాగితం మీదికి తీసుకురాడు. అనుమతి లేదు గనుక పత్రం లేదు. పత్రం లేదు గనుక రుజువు లేదు.

తగవులు పుట్టే చోట్లు కూడా కొన్నే. మొదటిది కొలత. డ్రాయింగు ప్రకారం కాంట్రాక్టరుకు వచ్చే ఘనపు మీటర్లకు, అడ్డు తగిలిన రాయిని కూడా తవ్వి మేస్త్రీ లెక్క వేసుకొన్న ఘనపు మీటర్లకు పొత్తు కుదరదు. రెండవది నోటి మాటగా చెప్పి చేయించిన అదనపు పని. మూడవది కోతలు: సిమెంటు వృథా, విరిగిన పలకలు, క్రేను బాడుగ పేరిట చివరి బిల్లులోనే మొదటిసారిగా కనబడే రికవరీలు. నాలుగవది "పైనుండి వచ్చినప్పుడు ఇస్తాను" అన్న షరతు. బ్రిటన్‌లో నిర్మాణ ఒప్పందాలకు సంబంధించి ఇటువంటి షరతు సాధారణంగా చెల్లదని 1996 చట్టం నిర్దేశించినది. మన దేశంలో నిర్మాణ పనులకు అటువంటి ప్రత్యేక నిషేధం లేదు.

ఇక నా సమాధానంలోని తప్పు. కాంట్రాక్టు కార్మికుల చట్టం 1970లోనే వచ్చినది. కాంట్రాక్టరు కూలి చెల్లించకపోతే పని చేయించుకొన్న ప్రధాన యజమాని చెల్లించి, ఆ మొత్తాన్ని కాంట్రాక్టరు నుండి రాబట్టుకోవాలని దాని 21వ సెక్షన్ చెప్పినది. ఆ చట్టం నిర్వచనంలో కాంట్రాక్టరు అంటే ఉప కాంట్రాక్టరు కూడా. ఎంత విచిత్రమో చూడండి: కూలి ఇవ్వవలసి వచ్చినప్పుడు చట్టం మేస్త్రీని గుర్తించినది, సొమ్ము పుచ్చుకొనవలసి వచ్చినప్పుడు మన పుస్తకం గుర్తించలేదు. ఆయన బిల్లు నేను ఇప్పించలేకపోయినా, ముఠావారి కూలి విషయం పై అధికారుల దృష్టికి తీసుకొనిపోవలసినది. అప్పుడు ఆ పొలం తాకట్టుకు పోయి ఉండేది కాదేమో! 1970 చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుండి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమలులోకి వచ్చినది. ప్రధాన యజమాని పై బాధ్యతను దాని 55వ సెక్షన్ కూడా నిలిపి ఉంచినది.

ఉప కాంట్రాక్టరు బిల్లుకు మార్గం వేరు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఇవ్వవలసిన సొమ్మును వ్రాతపూర్వకంగా కుదిరిన గడువులో, ఎట్టి పరిస్థితిలోను 45 రోజులు మించకుండా చెల్లించాలి. ఒప్పందంలో గడువు లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. ఆ రేటు 6 శాతమనుకొంటే వడ్డీ 18 శాతమన్నమాట. ఫిర్యాదులు రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిలు స్వీకరిస్తుంది. అయితే నిర్మాణ పనుల ఒప్పందాలు ఈ చట్టం క్రిందికి వస్తాయా అన్న విషయంలో న్యాయస్థానాల తీర్పులు ఏకరీతిగా లేవు. కనుక పని ఒప్పుకొనే ముందే ఉద్యమ్ నమోదు చేయించుకొని, న్యాయవాదిని సంప్రదించి అడుగు వేయడం క్షేమం.

సోదరికి నా సమాధానమిది. తమ్ముని బిల్లు కోసం పెద్ద సంస్థపై నేరుగా హక్కు సాధారణంగా ఉండదు. పనివారి కూలి బకాయి ఉంటే మాత్రం ఆ సంస్థ వారికి వ్రాతమూలకంగా తెలియజేయవచ్చును. బాకీ విషయమై కాంట్రాక్టరుకు స్పీడు పోస్టులో నోటీసు పంపాలి. హాజరు పట్టీలు, సామాను చీటీలు, బ్యాంకు జమలు, ఫోనులోని సందేశాలు అన్నీ భద్రపరచాలి. కాలాన్ని మాత్రం మరువరాదు. చెల్లింపు గడువు కుదుర్చుకొనని పనికి దావా వేయడానికి, పని ముగిసిన నాటి నుండి మూడేళ్లే వ్యవధి. ఈలోగా కాంట్రాక్టరు బాకీ ఒప్పుకొంటూ సంతకం చేసి ఇస్తే, ఆ తేదీ నుండి వ్యవధి మళ్లీ మొదలవుతుంది. "రేపు, ఎల్లుండి" అన్న నోటి మాటలకు ఆ బలం లేదు.

పని పర్యవేక్షించే యువ ఇంజనీర్లకు ఒక మనవి. కొలతలు తీసేటప్పుడు టేపు రెండవ కొస పట్టుకొన్నది ఎవరో గమనించండి. ఉప కాంట్రాక్టరు ఉంటే అనుమతి కోరమని కాంట్రాక్టరుకు వ్రాయండి. అదనపు పనికి ఆనాడే సైటు ఆర్డరు పుస్తకంలో ఒక పంక్తి వ్రాయండి. కూలి చెల్లింపు లెక్కలు చూసేటప్పుడు అంకెలే కాదు, ముఖాలు కూడా చూడండి. ఆనాటి పునాదుల మీద పైపులు నేటికీ నిలిచే ఉన్నాయి. ఆ ప్రక్కగా వెళ్లినప్పుడల్లా నాకు గుర్తుకు వచ్చేది కొలతల పుస్తకంలో లేని ఆ పేరే.