మెరుపుదాడియా? సౌప్తికమా?

ఇటీవల తరగతి పరీక్షాపత్రములు దిద్దుచుండగా ఒక వాక్యము కడ నా కలము ఆగిపోయినది. "అశ్వత్థామ పాండవ శిబిరముపై మెరుపుదాడి చేసెను" అని ఒక విద్యార్థి వ్రాసెను. వ్యాకరణదోషము లేదు, కథయు తప్పలేదు. అయినను మార్కు వేయుటకు చేయి రాలేదు.

మెరుపుదాడి వేగమును చెప్పు మాట. జర్మను భాషలో 'బ్లిట్స్' అనగా మెరుపు, 'క్రీగ్' అనగా యుద్ధము. 1939లో జర్మనీ పోలండుపై దండెత్తిన పిదప ఆ సమాసము లోకప్రసిద్ధమైనది. మన మెరుపుదాడియు ఆ పోలికనే గలది. నేడు సైనికచర్యకును, పన్నుల అధికారుల సోదాకును, కడకు కబడ్డీ ఆటగాని కూతకును ఈ మాటయే. ఇందు మెచ్చుకోలు కలదు. కొట్టినవాని చురుకుదనము కానవచ్చును. దెబ్బ తిన్నవాడు ఏ స్థితిలో నుండెనో కానరాదు.

సౌప్తికము అట్టిది కాదు. 'సుప్త' అనగా నిద్రించిన; సౌప్తికము నిద్రితులపై జరిపిన దాడి. భారతమున పదవ పర్వమునకు అదే పేరు. మఱ్ఱిచెట్టుపై నిదురించు కాకులను గుడ్లగూబ చంపుట చూచి అశ్వత్థామ ఆ ఉపాయము నేర్చెను. మేనమామయగు కృపాచార్యుడు వలదని వారించెను. అతడు వినక, రాత్రివేళ శిబిరము చొచ్చి ధృష్టద్యుమ్నుని, ఉపపాండవులను వధించెను. పర్వమునకు పేరైనది చంపినవాని పరాక్రమము కాదు, చచ్చినవారి నిద్ర.

ఇట్టి మాటలు మరికొన్ని కలవు. అవస్కందము పైకి దుముకుట. అందు స్తుతియు లేదు, నిందయు లేదు. మాటువేసి కొట్టుట దాగి యుండుటను చెప్పును. 'గెరిల్లా' యనగా స్పానిషు భాషలో చిన్న యుద్ధము. 1808 నుండి స్పెయిను ప్రజలు చిన్న దండులుగా నెపోలియను సేనల నెదిరించినప్పుడు ప్రసిద్ధికెక్కిన ఆ మాట బలహీనుని యుద్ధపద్ధతిని తెలుపును. వీనిని పర్యాయపదములుగా వల్లె వేయించుట తగదు.

"సౌప్తికము వంటి కఠినపదము పిల్లలకేల?" అని ఉపాధ్యాయ మిత్రులు అడుగవచ్చును. అక్కరలేదు. "నిద్రపోవువారిని చంపెను" అని తేటతెనుగున వ్రాసినను చాలును. సత్యము మరుగుపడకుండుటే ముఖ్యము.

తుదకు ఆ విద్యార్థికి మార్కు వేసితిని. కాని అంచున "ఎవరిని? ఏ స్థితిలో?" అని వ్రాసితిని. రేపు అతడే ఒక పత్రికలో వార్తలు వ్రాయవచ్చును. నిద్రించుచున్న ఊరిపై బాంబులు పడిన రాత్రి, శీర్షిక పెట్టుటకు ముందు ఆ రెండు ప్రశ్నలు అతనికి జ్ఞప్తికి వచ్చిన చాలును.