ఫార్మాట్ చేస్తే పోతుందట!

ఖాళీ చేయమంటే చేయని అద్దెవాళ్లని చాలామందిని చూశాను. లోపల పూచికపుల్ల లేకపోయినా కదలనని భీష్మించుకు కూర్చున్న ఫోల్డర్ని మాత్రం ఈమధ్యే చూశాను.

మా అబ్బాయి సెలవులకి హాస్టల్నించి వచ్చి, నా హార్డ్ డిస్కులో ఏవో దాచుకుని, మళ్లీ తీసుకుని వెళ్లిపోయాడు. ఖాళీ ఫోల్డరొకటి మిగిలింది. తీసేయబోతే "ఈ వస్తువు కనబడటం లేదు" అంటుంది కంప్యూటరు! నా కళ్లెదుట నిక్షేపంగా కనబడుతూనే ఉందే! ఆపి మళ్లీ పెట్టాను. ఊహూఁ.

"నువ్వేదో నొక్కి ఉంటావ్" అన్నారు మావారు, పేపర్లోంచి తలెత్తకుండానే. మిక్సీ ఆగినా, గ్యాసు అయిపోయినా ఆయన తీర్పు ఇదే. రిపేరు షాపు కుర్రాడు ఇంకో మెట్టు పైకెక్కాడు. "ఫార్మాట్ చేసేద్దామాంటీ, అయిదు నిమిషాల పని."

అయిదు నిమిషాలే! ఆ డిస్కులో మా అమ్మ పాడిన మంగళహారతులు పదకొండున్నాయి. అమ్మ ఇప్పుడు లేదు. ఇంకెక్కడా కాపీ లేదు. అది నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఎలక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోమనే సలహాకి డబ్బులు కూడా ఇచ్చుకోవాలా?

డిస్కు తీసుకుని ఇంటికొచ్చి మా మేనకోడలికి ఫోన్ చేశాను. "పేరు చివర చుక్కేమైనా ఉందేమో చూడత్తా" అంది. ఉంది!

మావాడిది లినక్స్. అందులో పేరు చివర చుక్క పెట్టినా తప్పులేదట. విండోస్ ఆ చుక్కని కొట్టేసి, చుక్కలేని పేరు కోసం వెతుకుతుందట. ఆ పేరుతో ఎవరూ లేరు మరి! రేషను కార్డులో ఒక్క అక్షరం తప్పు పడితే, మనిషిని ఎదురుగా పెట్టుకుని "మీరు లేరమ్మా" అనే గుమాస్తాని మనం చూడలేదూ? పేరు చివర ఖాళీజాగా ఉన్నా ఇదే తంతు.

మందు చిన్నదే. కమాండ్ ప్రాంప్ట్‌లో ఆర్‌డి అని కొట్టి, కొటేషన్లలో ఫోల్డరు పూర్తి చిరునామా, డ్రైవు అక్షరం మొదలు ఆఖరి చుక్కదాకా రాయాలి. ఆ చిరునామాకి ముందు రెండు బ్యాక్‌స్లాష్‌లు, ఒక ప్రశ్నార్థకం, మరో బ్యాక్‌స్లాష్. "పేరు దిద్దకు, ఉన్నదున్నట్టు చూడు" అని దానర్థం. ఒట్టి ఆర్‌డి ఖాళీ ఫోల్డర్నే తీస్తుంది. లోపల ఏమైనా ఉంటే ఒప్పుకోదు. ఆ కుర్రాడికన్నా దానికే మర్యాద తెలుసు.

"వేరే ప్రోగ్రాంలో తెరిచి ఉంది" అంటే ఆ ప్రోగ్రాం మూయాలి. "అనుమతి లేదు" అంటే అనుమతులు ఎవరి పేరిట ఉన్నాయో చూడాలి. ప్రతి మొండితనానికీ ఒక కారణం ఉంటుంది. అది వెతికే ఓపిక లేనివాళ్లే ఫార్మాట్ అంటారు. అన్నవాళ్లని "ఎందుకు?" అని అడగండి. జవాబు రాకపోతే డిస్కు వెనక్కి తీసుకోండి.

హారతులు ఇప్పుడు మూడు చోట్ల దాచాను.

"పోయిందా?" అన్నారు మావారు సాయంత్రం.

"పోయింది. నేనే ఏదో నొక్కాను" అన్నాను.