రుచి చూడకుండా వడ్డిస్తామా?

కుక్కర్ మూడో కూత కోసం స్టవ్ పక్కన నిలబడ్డప్పుడు మీరేం చేస్తుంటారు? నిజం చెప్పండి. ఫోన్ చూస్తుంటారు కదూ! నేనూ అంతే. పప్పు ఉడికేలోపు నాలుగు మెసేజీలు చదవడం, బావున్నవి మరొకరికి పంపడం అలవాటైపోయింది. ఆ అలవాటు మా ఇంటిమీదికి ఏం తెచ్చిందో చెబుదామనే ఈ వారం వంటల కబుర్లు పక్కన పెట్టాను.

కిందటి వేసవిలో మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. రాత్రి నానబెట్టిన మెంతుల నీళ్ళు పరగడుపున పదిహేను రోజులు తాగితే బీపీ మాత్రలు మానేయొచ్చట. కింద ఎవరో పెద్ద డాక్టరుగారి పేరు, ఫోటో. మెంతులే కదా, మంచిదే కదా అనుకుని మా అత్తింటి బంధువుల గ్రూపులో పెట్టేశాను. అందులో నలభై ముగ్గురం ఉన్నాం. పోపు మాడుతోందని ఫోన్ పక్కన పడేసి ఆ సంగతే మర్చిపోయాను.

మా అత్తయ్యగారు ఊళ్ళో మా బావగారి దగ్గర ఉంటారు. పదేళ్ళుగా బీపీ మాత్రలు వేసుకుంటున్నారు. 2020లో కరోనా రోజుల్లో మనవల్ని చూసుకుంటారని మావారే ఆవిడకి ఫోన్ కొనిచ్చారు. నా మెసేజ్ చూసి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మెంతుల నీళ్ళు మొదలుపెట్టి మాత్రలు ఆపేశారు. పన్నెండో రోజు పొద్దున్నే కళ్ళాపి చల్లుతూ వాకిట్లో కూలబడిపోయారు. మాట తడబడింది. ఆస్పత్రికి తీసుకెళ్తే బీపీ రెండు వందలు దాటింది. ఇంకాస్త ఆలస్యమైతే పక్షవాతం వచ్చేదేనన్నారు. మూడు రోజులు అక్కడే ఉంచి, దేవుడి దయవల్ల క్షేమంగా పంపించారు.

“మాత్రలు ఎవరు మానేయమన్నారమ్మా?” అని డాక్టరుగారు గట్టిగా అడిగారు. అత్తయ్యగారు నావైపు చూపించి, “మా చిన్నకోడలు పంపిందండీ. అది తెలియకుండా ఏదీ చెప్పదు” అన్నారు.

ఆవిడ నన్ను తప్పుపట్టి అన్న మాట కాదది, నామీద నమ్మకంతో అన్నది. అందుకే తల ఎత్తలేకపోయాను. ఆ మెసేజ్ ఎవరు రాశారో నాకు తెలీదు. పంపిన పక్కింటావిణ్ణి అడిగితే వాళ్ళ చెల్లెలు పంపిందంది. ఆ చెల్లెల్ని అడిగితే గుర్తులేదంది. కానీ మా అత్తయ్యగారికి అందేసరికి అది ఊరూ పేరూ లేని మాట కాదు, కోడలు చెప్పిన మాట! మనం ఏది పంపినా దానికి మన పేరు అంటుకుంటుంది. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు.

నా చిన్నప్పుడు పదిహేను పైసల కార్డుమీద ఉత్తరాలొచ్చేవి, గుర్తుందా? ఇది ఇరవై ఒక్క మందికి రాయకపోతే కీడు జరుగుతుందని. అన్ని కార్డులు కొనాలి, చేయి నొప్పిపుట్టేలా రాయాలి. మా అమ్మ విసుక్కుని దాన్ని పొయ్యిలో పెట్టేది. ఇప్పుడు వేలితో ఒక్క నొక్కు చాలు. ఆలోచించే వ్యవధి ఏదీ?

ఇంతకంటే ఘోరాలూ జరిగాయి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ ఫోన్లలో వచ్చిన పుకార్లు నమ్మి, 2018లో దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరిగారు పోలీసుల్ని ఊరూరా పంపి, పాటలతో, డప్పులతో ఆ పుకార్లు నమ్మొద్దని చెప్పించారు. ఆ ఏడాదే వాట్సాప్ వాళ్ళు మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి అయిదు చోట్లకి మించి పంపకుండా కట్టడి పెట్టారు. మరీ చేతులు మారినదైతే ఒకసారికి ఒక్కచోటికే పంపేలా 2020లో మార్చారు. అలాంటి మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు ఉంటుంది. నా మెంతుల మెసేజ్ మీదా ఉంది. నేనే చూసుకోలేదు.

ఆస్పత్రి నుంచి వచ్చిన రాత్రే గ్రూపులో రాశాను. “నేను పంపింది తప్పు. ఎవరూ మాత్రలు ఆపొద్దు, అత్తయ్యగారికి ఇలా అయింది” అని. నలుగురు బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నారు. ఎందుకో మనసొప్పక, మర్నాడు పెద్దవాళ్ళందరికీ విడివిడిగా ఫోన్ చేశాను. మా పెదమామయ్యగారు అప్పటికి వారంరోజులుగా ఆ నీళ్ళే తాగుతున్నారు, మాత్రలు మానేసి! ఆ ఫోన్ చేయకపోతే ఏమయ్యేదో!

అప్పట్నించి నేను పాటిస్తున్నవి మీకూ చెబుతాను. మందు, వైద్యం సంగతి ఏదైనా సరే మా డాక్టరుగారిని అడక్కుండా ఎవరికీ పంపను. డాక్టరు ఫోటో ఉంది కదా అని నమ్మను. ఫోటో ఎవరైనా అతికించొచ్చు. రెండు బాణాలు కనిపిస్తే చదివి వదిలేస్తాను. ఇంట్లో పెద్దవాళ్ళు ఏదైనా చూపిస్తే “మీకేం తెలుసు” అని కసురుకోను, పక్కన కూర్చుని చదువుతాను. కసురుకుంటే ఈసారి మనకి చెప్పకుండా చేస్తారు. పొరపాటున ఏదైనా పంపేస్తే, తుడిచేసి ఊరుకోకుండా ఫోన్ చేసి తప్పని చెబుతాను. కాస్త సిగ్గుగానే ఉంటుంది, ఫరవాలేదు.

మెంతులు మంచివి కావని కాదండోయ్! ఆవకాయలో వేసుకుంటాం, పులుసులో పోపు పెడతాం. వాటి పని అవి చేస్తాయి. మాత్ర పని మాత్రే చేయాలి, అన్నారు డాక్టరుగారు.

చారులో ఉప్పు చాలిందో లేదో చూసుకోకుండా మనం ఎవరికీ వడ్డించం. మరి మన చేత్తో పంపే మాటకీ ఆపాటి జాగ్రత్త ఉండొద్దూ? ఇప్పుడు అత్తయ్యగారు ఏ మెసేజ్ వచ్చినా ముందు నాకే ఫోన్ చేసి, “ఇది నిజమేనటే?” అని అడుగుతున్నారు. ఇంకా నన్ను నమ్ముతున్నందుకు ఆవిడకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.