నల్లని చేదుకు తీర్పు

మద్యం గురించి తెలుగులో సాధారణంగా రెండు రకాల రాతలు కనిపిస్తాయి. మానమని హితవు చెప్పేవి కొన్ని, మత్తును కీర్తించేవి కొన్ని. ఒక గుక్క పుచ్చుకొని ఇది బాగుంది, ఇది బాగులేదు, కారణం ఇదీ అని వివరించే రాత మాత్రం అరుదు. ఆవకాయకూ ఫిల్టరు కాఫీకీ బంగినపల్లికీ మనం ఇచ్చే ఆ మర్యాద బీరుకు ఎందుకు దక్కలేదన్నదే ఈ టపాకు మూలం. మద్యం ముట్టని మిత్రులు మన్నించాలి. ఇది తాగమని ప్రోత్సహించే రాత కాదు.

కొన్నేళ్ళ క్రితం కొలంబోలో ఒక తెలుగు మిత్రుని ఇంట లయన్ స్టౌట్ అనే బీరును మొదటిసారి రుచి చూశాను. శ్రీలంకవారి బీరు అది. నువర ఎలియా కొండల్లో పుట్టిన కంపెనీ, ఇప్పుడు కొలంబో దగ్గరి బియగమలో తయారుచేస్తోంది. ఆల్కహాలు 8.8 శాతం. మైకేల్ జాక్సన్ (పాటగాడు కాదు, 2007లో మరణించిన ఆంగ్ల బీరు రచయిత) మెచ్చుకున్న బీరు. ఇంత పేరు విని, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను అప్పటికప్పుడే గ్లాసులో వంపుకొని ఒక గుక్క మింగి, "మాడిన కషాయంలా ఉంది" అని తీర్పు చెప్పేశాను.

"అలా వదిలెయ్యండి గురువుగారూ, కాసేపాగి చూడండి" అన్నాడు మిత్రుడు.

మాటల్లో పడి అరగంట గడిచింది. మళ్ళీ గ్లాసు ఎత్తేసరికి అది వేరే పానీయం. ముందుగా కాఫీ గింజలు వేయించేటప్పటి కమ్మని వాసన, వెనుక నల్లబెల్లం, ఖర్జూరం, చివర నాలుక పక్కల నిలిచే చేదు. బీరు మారలేదు, దాని చలి తగ్గిందంతే. చలి నాలుకను మొద్దుబారుస్తుంది, సువాసనలను పైకి లేవనివ్వదు. తేలికపాటి లాగర్‌ను మంచుచల్లగా తాగినా పెద్ద నష్టం లేదు గాని, ఇలాంటి చిక్కటి బీరుకు 12, 13 డిగ్రీలు ఉండాలి. ఆనాటి నా తీర్పు బీరు మీద కాదు, ఫ్రిజ్ మీద చెప్పినది.

ఇక్కడ రెండు అపోహలు తీరాలి. నలుపుకూ మత్తుకూ సంబంధం లేదు. నలుపు బాగా వేయించిన గింజలనుంచి వస్తుంది. 1817లో డేనియల్ వీలర్ అనే ఆంగ్లేయుడు మాల్టును మాడి బొగ్గు కాకుండా నల్లగా వేయించే యంత్రానికి పేటెంటు పొందాక, కొద్దిపాటి గింజలతోనే బీరంతా నల్లబడడం సాధ్యమైంది. గిన్నెస్ డ్రాఫ్ట్ అంత నల్లగా ఉంటుందా, అందులో ఆల్కహాలు 4.2 శాతమే. మన దుకాణాల్లో "స్ట్రాంగా, లైటా?" అని అడిగి ఇచ్చే స్ట్రాంగు బీరు సాధారణంగా పచ్చగా మెరిసే లాగరే.

రెండో అపోహ, ఘాటు ఎక్కువైతే గొప్పదనుకోవడం. 1985లో అమెరికాలో మొదలైన బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ వారి మార్కుల పత్రం చూడండి. మొత్తం 50. వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటిలో తోచే తీరుకు 5, మొత్తం మీది అభిప్రాయానికి 10. ఆల్కహాలు ఎంత ఉందన్నదానికి విడిగా ఒక్క మార్కు కూడా లేదు. అది గొంతులో వెచ్చగా తగిలితే మెచ్చుకుంటారు, మంటగా తగిలితే తప్పు పడతారు. ఈ లెక్కన లయన్ స్టౌట్‌కు నేనిచ్చేది వరుసగా 9, 3, 15, 4, 7, వెరసి 38. తీపి కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది, చేదు దానికి సరితూగదు. అక్కడే మార్కులు పోయాయి.

ఈ పనికి కావలసిన మాటలు మన దగ్గర పుష్కలంగా ఉన్నాయి. షడ్రుచులను ఉగాదినాడే నాలుకకు నేర్పే జాతి మనది. చేదు వేరు, వగరు వేరు అని నేరేడుపండు తిన్న పిల్లవాడు సైతం చెప్పగలడు. కమ్మగా వేగిన వాసననూ మాడు వాసననూ పోపు పెట్టే ప్రతి ఇల్లూ వేరుచేస్తుంది. నల్లబీరు మీద తీర్పంతా దాదాపు ఆ రెండు సరిహద్దుల మీదే ఉంది. చేదు ఉండాలి, వగరు మితిమీరకూడదు. వేగాలి, మాడకూడదు. తడిసిన అట్టముక్క వాసన వస్తే సీసా పాతబడి గాలికి చెడిందని అర్థం.

ఇదంతా వ్యసనానికి పట్టుబట్ట కట్టడం కాదా అని ఎవరైనా అడిగితే నేను కోపగించను. 1992లో దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడ్డప్పుడు సారా రుచి ఎలా ఉందన్నది ప్రశ్న కాదు, కాకూడదు కూడా. మా బాబాయి ఒకరు ఆ దారినే పోయారు. ఆయన ముక్కు మూసుకొని తాగేవారు. రుచి చూసి తాగిన జ్ఞాపకం మా ఇంట్లో ఎవరికీ లేదు. అయితే రుచి తెలిసినవాడు తాగుబోతు కాలేడని నేను వాదించబోను. అభిరుచి ఉన్నంత మాత్రాన కాలేయం కనికరించదు. 330 మిల్లీలీటర్ల లయన్ స్టౌట్‌లో శుద్ధ ఆల్కహాలు సుమారు 29 మిల్లీలీటర్లు. అంటే 4.5 శాతం ఉన్న 650 మిల్లీలీటర్ల పెద్ద సీసాతో సమానం. చిన్న సీసాయే కదా అని రెండోది తెరిచేవాడు ఈ లెక్క చూసుకోవాలి. రుచి రాసేవాడు ఈ లెక్కనూ రాయాలి. బాబాయిని తలచుకుంటే, ఇది చెప్పకుండా ఖర్జూరాల గురించి మాట్లాడే హక్కు నాకు లేదనిపిస్తుంది.

నా మట్టుకు నియమం ఒకటే. ఒక సీసా, ఇద్దరం, గంట సమయం. అంతకు మించితే నాలుక తీర్పు చెప్పలేదు, చెప్పినా చెల్లదు.

చివరగా ఒక సందేహం. ఆ 5 మార్కుల అంశం, అంటే ద్రవం నోటిలో బరువుగానో పలుచగానో జిగటగానో తోచే గుణం, దానికి తెలుగులో ఏమనాలి? చిక్కదనం అంటే మజ్జిగకు సరిపోతుంది గాని అందులో బుడగల చురుకు రాదు. నోటిస్పర్శ అంటే అనువాదపు వాసన వేస్తోంది. మన వంటిళ్ళలో ఎక్కడో ఈ మాట ఉండే ఉంటుంది. తెలిసిన పెద్దలు చెబితే రుణపడి ఉంటాను.