వానపాముకు అప్పగించిన విషం

కలుషితమైన నేలను వానపాములతో బాగుచేసే పద్ధతికి వర్మీరెమిడియేషన్ అని పేరు. నేలలో చేరే విషాలు రెండు తీరులు. డీజిల్, ఇంజన్ ఆయిల్, పురుగుమందులు కర్బన సమ్మేళనాలు. సూక్ష్మజీవులు వీటిలో చాలావాటిని విరగ్గొట్టి హాని తగ్గించగలవు. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ మూలకాలు. వీటిని ఏ జీవీ విరగ్గొట్టలేదు, చోటు మార్చగలదు, రూపం మార్చగలదు, అంతవరకే. వానపాముల మీద సాగుతున్న ప్రచారం ఈ తేడాను కావాలనే పక్కన పెడుతోంది. ఖర్చు తక్కువ, సహజం, యంత్రాలతో పనిలేదు అంటూ పారిశ్రామికవాడల మట్టినీ, నగర చెరువుల పూడికనూ వానపాములకు అప్పగించమనడం ప్రమాదకరమైన సలహా.

మొదటి తీరు విషాల దగ్గర వానపాము మేలు నిజమే. అది తొలిచిన బొరియల్లోంచి మట్టికి గాలి అందుతుంది. దాని పేగులోంచి బయటపడిన మట్టిలో సూక్ష్మజీవులు జోరుగా పెరుగుతాయి. హైదరాబాద్‌లో బోయిన్‌పల్లి మీదుగా నాగపూర్ వైపు పోయే రహదారి వెంట మెకానిక్ షెడ్ల కింద నూనె పీల్చుకున్న నేలకు ఈ పద్ధతిని పరీక్షించి చూడవచ్చు. అక్కడ కూడా షరతులున్నాయి. నూనె మోతాదు ఎక్కువైతే పాములే చస్తాయి. ఇక మార్కెట్లో దొరికే ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజీనియే జాతులు పైపైన కుళ్లే చెత్తలో బతికేవి. పేడ, ఆకుచెత్త కలపకుండా వట్టి మట్టిలో వదిలితే అవి నిలవవు, లోతుకు దిగవు. ఎరువు తొట్టిలో చూసిన ఫలితాన్ని మీటరు లోతు కలుషితమైన నేలకు అంటగట్టడం అందుకే తప్పు.

లోహాల సంగతి వేరు. కాడ్మియం వానపాము ఒంట్లో చేరి, ప్రత్యేకమైన ప్రోటీన్లకు అంటుకొని అక్కడే ఉండిపోతుంది. చాలా నేలల్లో మట్టిలోకన్నా పాము ఒంట్లోనే దాని గాఢత ఎక్కువ. ఆ పామును కోడి తింటే విషం కోడిలోకి పోతుంది, పాము చస్తే తిరిగి మట్టిలోకి వస్తుంది. కొన్ని నేలల్లో వానపాముల కదలిక వల్ల లోహాలు నీటిలో మరింత తేలిగ్గా కరుగుతాయి కూడా. తొట్టిలో ఇంకో లెక్క ఉంది. కిలోకు 2 మిల్లీగ్రాముల కాడ్మియం ఉన్న 100 కిలోల చెత్త కుళ్లి 50 కిలోల ఎరువుగా మిగిలిందనుకుంటే, పాముల ఒంట్లో చేరిన కొద్దిపాటి భాగం పోగా, ఎరువులో కాడ్మియం కిలోకు 4 మిల్లీగ్రాములకు దగ్గరవుతుంది. చెత్త తగ్గింది, విషం చిక్కబడింది.

ఈ చర్చలో ఎవరూ తెరవని కాగితం ఒకటుంది. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు నాలుగో షెడ్యూలులో వర్మీకంపోస్టుకు రాసిన లోహాల పరిమితులు నాలుగు: కిలోకు కాడ్మియం 5 మిల్లీగ్రాములు, క్రోమియం 50, నికెల్ 50, సీసం 100. ఆర్సెనిక్ లేదు, పాదరసం లేదు. అదే షెడ్యూలులో నగర చెత్తతో చేసే కంపోస్టుకు మాత్రం ఆర్సెనిక్ 10, పాదరసం 0.15 అని రాసి ఉంది. పొలంలో చల్లితే రెండూ ఒకే మట్టిలో కలుస్తాయి. ఒకదానికి ఆర్సెనిక్ పరీక్ష ఉంది, రెండోదానికి లేదు.

ఆ ఖాళీ హైదరాబాద్ చుట్టుపక్కల ఎంత ప్రమాదమో చెప్పడానికి పటాన్‌చెరు పారిశ్రామికవాడ చాలు. అక్కడి నేలలో, నీటిలో ఆర్సెనిక్ ఉన్నట్లు నగరంలోని శాస్త్రవేత్తలే రెండు దశాబ్దాల కిందట ప్రచురించారు. కాటేదాన్ పారిశ్రామికవాడ నేలల్లో సీసం గురించి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్.జి.ఆర్.ఐ.) అధ్యయనాలున్నాయి. పటాన్‌చెరు కాలుష్యంపై సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది 1990లో. అలాంటి చోటి మట్టినో పూడికనో పేడతో కలిపి పాములకు వేసి, చేతికొచ్చిన నల్లటి పొడిని వర్మీకంపోస్టు పేరుతో పరీక్షకు పంపితే, నాలుగు లోహాల పరిమితి దాటనంతవరకు లోహాల పరంగా అది అమ్మకానికి అర్హం. ఐదో లోహాన్ని అడిగే గడి ఆ పట్టికలో లేదు.

తెలంగాణలో చెరువుల పునరుద్ధరణకు చేపట్టిన మిషన్ కాకతీయ కింద చెరువు పూడికను రైతులు పొలాలకు తోలుకున్నారు, అది ఊరి చెరువులకు సరైన పని. ఓల్డ్ బోయిన్‌పల్లిని ఆనుకొని ఉన్న హస్మత్‌పేట చెరువు అలాంటిది కాదు. దానిలోకి ఏళ్లుగా మురుగు చేరింది. ఆ పూడికను లోహాల పరీక్ష లేకుండా పాముల తొట్టికి చేర్చకూడదు.

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ దీనికి పూర్తి భిన్నమైన ఉదాహరణ. అక్కడ రోజుకు దాదాపు 10 టన్నుల కూరగాయల వ్యర్థాల నుంచి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐ.ఐ.సి.టి.) సాంకేతికతతో బయోగ్యాస్, సుమారు 500 యూనిట్ల కరెంటు తీస్తున్న తీరును ప్రధాని 2021 జనవరి 31న ‘మన్ కీ బాత్’లో ప్రస్తావించారు. ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిన, పారిశ్రామిక వ్యర్థం కలవని చెత్త అది. వానపాములకు తిండి కావాలంటే ఇలాంటి మార్కెట్లు, రైతుబజార్లు ఉన్నాయి.

లోహాల నేలల్లో వానపాముకు చోటే లేదనలేం. నేలలోంచి ఆర్సెనిక్‌ను భారీగా పీల్చుకునే టెరిస్ విట్టాటా అనే ఫెర్న్ మొక్కను 2001లో అమెరికా శాస్త్రవేత్తలు గుర్తించారు. అలాంటి మొక్కలకు వానపాము సాయం చేయగలదు. కానీ కోసిన మొక్కలను ప్రమాదకర వ్యర్థాలుగా లెక్కించి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రం వంటి చోటికి పంపాలి. చౌక అన్న మాట అక్కడితో చెల్లదు. వానపాముకు ఇంతకన్నా నమ్మకమైన పని విషతీవ్రతకు సాక్ష్యం చెప్పడం. 1984 నుంచి ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓ.ఇ.సి.డి.) దేశాల్లో రసాయనాల విషతీవ్రతను 14 రోజులపాటు ఐసీనియా పాములపై పరీక్షిస్తున్నారు.

కలుషిత స్థలాలపై కేంద్రం 2025 జూలైలో ప్రత్యేక నియమాలు తెచ్చింది. పాడుచేసినవారే ఖర్చు భరించాలన్న సూత్రం వాటిలో ఉంది, శుభ్రపరచడం ఎన్నాళ్లలో ముగియాలన్న గడువు లేదు. గడువు లేని చోట చౌక పద్ధతి ఫ్యాక్టరీ యజమానికి దొరికిన సాకు అవుతుంది. నాలుగు తొట్లు, పది కిలోల పాములు చూపించి పని మొదలైందని నివేదిక ఇవ్వవచ్చు, ఏళ్లు గడపవచ్చు. కాలుష్య నియంత్రణ మండలి లోహాలున్న స్థలాలకు వానపాముల ప్రణాళికను ఒంటరిగా ఆమోదించకూడదు. కేంద్ర వ్యవసాయ శాఖ వర్మీకంపోస్టు పట్టికలో ఆర్సెనిక్, పాదరసం గడులు చేర్చాలి. నగర కంపోస్టుకు రాసిన 10, 0.15 అంకెలు అదే షెడ్యూలులో ఉన్నాయి. వాటిని పక్క పట్టికలోకి ఎక్కించడానికి కొత్త పరిశోధనేమీ అక్కర్లేదు.